కుడివైపు వెనక చక్రం

నా దగ్గర ఒకే రేసు కారుకు నాలుగు మోడళ్ళు ఉన్నాయి. నాలుగూ ఒకే స్కేలు, అసలు కారులో నలభై మూడో వంతు. ఒక్కొక్కటి అరచేతిలో పట్టేస్తుంది. తయారుచేసిన కంపెనీలే వేరు. ఒకటి ఇటలీది. ఒకటి జర్మన్ పేరు పెట్టుకుని చైనాలో తయారైనది. ఒకటి స్పెయిన్‌లో ఏదో వారపత్రికతో పాటు ఇచ్చినది. నాలుగోది ఎప్పుడో మూతపడిన ఒక ఫ్రెంచ్ కంపెనీది.

అసలు కారు కూడా ఫ్రాన్స్‌దే. రెండు తలుపుల చిన్న బండి. డెబ్భైల చివర్లో కొండదారుల్లో, మంచు రోడ్ల మీద జరిగే ర్యాలీ పందేల్లో తనకంటే చాలా పెద్ద కార్లతో పోటీపడింది. నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. మన రోడ్ల మీదకు రాలేదు. నాకు తెలిసిందంతా ఫొటోల్లోదీ, ఈ నాలుగు బొమ్మల్లోదీ.

మోడల్ కార్లు సేకరించేవాళ్ళు మామూలుగా రకరకాల కార్లు కొంటారు. నేను కారును మార్చను, కంపెనీని మారుస్తాను. కారు ఒకటే అయినప్పుడు మారేదల్లా చేసినవాళ్ళ పనితనమే. ఇటలీవాళ్ళు రంగు మందంగా వేస్తారు, తలుపు అంచున ఉండే సన్నని గీత సగం పూడిపోతుంది. చైనాలో తయారైనదానికి రంగు పల్చగా, అద్దంలా ఉంటుంది, కానీ టైర్లు కొంచెం లావు. పత్రికతో వచ్చినదానికి లోపల సీట్లు, స్టీరింగు అన్నీ ఒకే నల్లటి ముద్ద. అయినా దాని ముందు దీపాలు మిగతా మూడింటికంటే బాగుంటాయి. ఎందుకో తెలియదు. పాత ఫ్రెంచ్ కంపెనీ స్టిక్కర్లు పసుపెక్కిపోయాయి, ఆకారం మాత్రం ఫొటోలకు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది.

ఇవన్నీ ఒక పట్టికలో రాసుకుంటాను. పొడవు, వెడల్పు, ఎత్తు, ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం, రంగు, స్టిక్కర్లు, చక్రాలు, అద్దాలు, లోపలి సరంజామా. కొలతలు డిజిటల్ కాలిపర్‌తో మూడుసార్లు తీసి మధ్యది రాసుకుంటాను. టూల్ డిజైన్‌లో డిప్లొమా చేసి, ఉప్పల్ వైపు ఒక చిన్న కర్మాగారంలో తయారైన భాగాల కొలతలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ అలవాట్లన్నీ అక్కడివే. అక్కడ మాకు ఇంకో అలవాటుంది. అయిదు ముక్కలు తీసుకుని కొలిస్తే నాలుగు ఒకేలా వచ్చి ఒకటి తేడాగా వస్తే, ఆ ఒక్కదానికి ఎర్ర చీటీ కడతాం. దాని మీద చర్చ ఉండదు.

ఆ అలవాటు ఎంత దూరం తీసుకెళ్ళిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్టేషన్ వెనక సందులో మూడో అంతస్తు. అమ్మానాన్నలు ఒంగోలు దగ్గర నుంచి వచ్చి పాతికేళ్ళ పైనే అయింది. మా అక్కకు ఎల్‌బీ నగర్ అవతల ఒక ఫార్మా కంపెనీలో ఉద్యోగం వచ్చాక, కారు నేర్చుకోవాలని పట్టుబట్టింది. ఎల్‌బీ నగర్‌లో రింగ్ రోడ్డు పక్కన సందులో ఒక డ్రైవింగ్ స్కూల్ ఉంది. ఒకటే గది, రెండు కార్లు. దాన్ని నడిపేది అరవై దాటిన పెద్దాయన. అల్మాస్‌గూడలో పాత రైతు కుటుంబం. పొలాలు కాలనీలైపోయినా ఇల్లు మాత్రం ఊరి నడుమ అట్లాగే ఉంది. నేర్చుకునేవాళ్ళంతా ఆయన్ని కాకా అంటారు. నేను అంకుల్ అనేవాణ్ణి. మా అక్క రెండో రోజే కాకా అనేసింది.

మొదటి వారం అక్క నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుంది. ధైర్యం కోసమంది. అల్మాస్‌గూడ కాలనీల ఖాళీ రోడ్ల మీద ఆవిడ క్లచ్ వదిలినప్పుడల్లా నా తల ముందు సీటుకు తగిలేది.

"జర మెల్లగ, బిడ్డా. క్లచ్ కోడిగుడ్డు అనుకో. కాలు కింద కోడిగుడ్డున్నది."

"పగిలిపోయింది కాకా."

"నాకెర్కనే. నీ తమ్ముని తలకాయ జెప్పింది."

ఒక శనివారం ముందువాళ్ళ క్లాసు ఆలస్యమై, ఆఫీసు గదిలో కూర్చోవలసి వచ్చింది. బల్ల వెనక అద్దాల అల్మరా. పై అరలో దరఖాస్తు ఫారాల కట్టలు, వాటి పక్కన ఏవో సర్టిఫికెట్లు. వాటి ముందు ఒక చిన్న నీలం కారు. నేను లేచి అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయాను. నా దగ్గర నాలుగున్న కారు అది. కానీ నేను చూసిన ఏ కంపెనీదీ కాదు. ఏ కంపెనీ వేయని నీలం. తలుపు మీద అంకె చేత్తో వేసినట్టుంది.

"ఏంది బాబు, దొంగతనం జేస్తవా?" అన్నారు కాకా లోపలికి వస్తూ.

"ఇది మీకెక్కడిది అంకుల్?"

ఆయన కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుని చెప్పారు. వయసులో ఉండగా మస్కట్‌లో ఆరేళ్ళు ఒక ఫ్రెంచ్ ఇంజినీరుకు డ్రైవరుగా పనిచేశారు. ఆయన్ని సాబ్ అనేవారు. సాబ్ కుర్రతనంలో తన ఊళ్ళో ఇదే కారులో పందేలకు పోయినవాడు. సాయంత్రాలు వరండాలో బల్ల వేసుకుని, సీసపు ముక్కలు అరగదీసి, రంగులు కలిపి బొమ్మ కార్లు చేసేవాడు. ఈ నీలం సాబ్ కారుది. ఈ అంకె ఆయన పందెం నంబరు. కాకా ఇండియాకు వచ్చేసే రోజు దీన్ని చేతిలో పెట్టాడు.

"నాలుగేండ్ల కింద పోయిండు. వాళ్ళ బిడ్డ ఫోన్ల మెసేజ్ పెట్టింది. ఫొటో ఒకటున్నది నా దగ్గర, అది గూడ మసకగున్నది. ఆయన చేతిపని అంటే గిదొక్కటే."

నేను నా నాలుగు కార్ల సంగతి, పట్టిక సంగతి చెప్పాను. ఒక వారం ఇస్తే కొలిచి, ఫొటోలు తీసి తెచ్చిస్తానన్నాను. ఆయన అల్మరా వైపు చూశారు. అక్క వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఇవ్వండి కాకా. వీడు మనుషుల్ని పోగొడతాడేమో గానీ బొమ్మ కార్లను పోగొట్టడు."

కాకా అల్మరా తాళం తీసి, కారును చేతిరుమాల్లో చుట్టి, ఖాళీ స్వీట్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. "ఎట్ల ఇచ్చిన్నో అట్ల దేవాలె," అన్నారు. తెస్తానన్నాను.

ఆ వారమంతా ఆ కారుతోనే గడిచింది. ఉద్యోగం నుంచి రాగానే చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర తెల్ల కాగితం పరిచి, అయిదింటినీ వరుసగా పెట్టేవాణ్ణి. కుంచెతో వేసిన రంగైనా ఎక్కడా గీతలు లేవు. తలుపు అంచులు సూదితో గీసినంత సన్నగా ఉన్నాయి. సీటు బెల్టులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితంతో కత్తిరించినవి, బకిల్స్ కూడా ఉన్నాయి. ముందు బంపర్ కింద ఒక చిన్న సొట్ట. మొదట దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. భూతద్దంలో చూస్తే సొట్ట లోపల కూడా రంగు సమంగా ఉంది. అంటే అది చేసినప్పుడే చేసిన సొట్ట. సాబ్ అసలు కారుకు ఎక్కడో తగిలినదై ఉండాలి.

పట్టికలో ఒక్కో గడి నిండుతున్నకొద్దీ నీలం కారు మిగతా నాలుగింటినీ దాటిపోతోంది. రంగులో మొదటి స్థానం. అద్దాల్లో మొదటిది. లోపలి సరంజామాలో పోటీయే లేదు. పొడవు, వెడల్పు అసలు కారుకు లెక్కగట్టిన దానికి వెంట్రుకవాసి తేడాలో ఉన్నాయి. చివరికి ముందు, వెనక చక్రాల మధ్య దూరం దగ్గరికొచ్చాను.

ఎడమవైపు కొలిచాను, సరిపోయింది. కుడివైపు కొలిస్తే 0.68 మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. మళ్ళీ కొలిచాను. కాలిపర్ సున్నా చేసి ఇంకోసారి కొలిచాను. అదే. కంటితో చూసినా తెలుస్తోంది. ఎడమవైపు వెనక చక్రం దాని పైనున్న అర్ధచంద్రాకారపు ఖాళీకి నడుమ ఉంది. కుడివైపుది కొంచెం వెనక్కి జరిగి ఉంది. కారు తిప్పి అడుగున చూశాను. నా నాలుగు కార్లలో వెనక చక్రాలు రెంటికీ కలిపి ఒకే ఇనుప కడ్డీ ఉంటుంది, ఇటు నుంచి అటు దూరి పోతుంది. ఇందులో అలా కాదు. కుడికి ఒక చిన్న పుల్ల, ఎడమకు ఒక చిన్న పుల్ల, విడివిడిగా రంధ్రాలు వేసి అతికించి ఉన్నాయి. చేతి డ్రిల్లుతో వేసే రంధ్రం జరిగిపోవడం మామూలే. ఒకే కడ్డీ వాడి ఉంటే ఈ తప్పు జరిగేది కాదని రాసుకున్నాను. ఆ గడిలో "లోపం" అని పెట్టాను.

నాలుగు ఒకలా, ఒకటి తేడాగా. నా చేతులు ఎర్ర చీటీ కట్టేశాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ గడి నన్ను ఇబ్బంది పెట్టింది. అంత మంచి పనిలో ఒక్క తప్పు. అది కూడా అరగంటలో సరిచేయగలిగింది. సరిచేస్తే నీలం కారు అన్ని గడుల్లోనూ మొదటిదవుతుంది. కాకాకు సాయం చేద్దామనుకున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు పట్టిక బాగుండాలని ఉండింది.

శనివారం కారు పట్టుకుని వెళ్ళి సంగతి చెప్పాను. అడుగు భాగం తిప్పి, పెన్సిలు మొనతో చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"ఉండనీ బిడ్డా. ఆయన గట్లనే ఇచ్చిండు."

"చిన్న పనే అంకుల్. రంగు ముట్టుకోను. పుల్ల తీసి, పాత రంధ్రం పూడ్చి, సరైన చోట కొత్తది వేస్తాను."

"ఎందుకు? నడిపేదున్నదా దాన్ని?"

"తప్పు కదా అంకుల్. నా దగ్గర నాలుగు కంపెనీలవి ఉన్నాయి. నాలుగింటికీ రెండు వైపులా ఒకటే కొలత. దీనికే తేడా. నాలుగు దేశాలవాళ్ళు తప్పు చేసి ఉండరు."

అక్క ఎల్ బోర్డు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. "వీడితో పెట్టుకోకండి కాకా. గోడ మీద క్యాలెండర్ ఒంకరగా ఉంటే చుట్టాలింట్లో కూడా లేచి సరిచేస్తాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినా ముందు అదే చేస్తాడు."

కాకా నవ్వారు. కారును వెలుతురుకు ఎత్తి, కుడివైపు, ఎడమవైపు చూశారు. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది.

"నిజమే. కుడిది ఎనక్కున్నది. గిన్నేండ్లాయె, నేను చూడనే లేదు." కళ్ళజోడు తీసి, "సాబ్ చెయ్యి గూడ తప్పుతదన్నట్టు," అన్నారు. తర్వాత కారు నా చేతికిచ్చారు. "సరే. నువ్వు చదువుకున్నోనివి. చెయ్."

ఆదివారం ఉదయం చేశాను. అక్క గోళ్ళ రంగు తుడిచే ద్రవంలో దూది ముంచి కుడి పుల్ల చుట్టూ ఉన్న జిగురును మెత్తబరిచాను. పుల్ల ఊడి వచ్చింది. పాత రంధ్రాన్ని పుట్టీతో పూడ్చాను. ఆరాక అరగదీసి, కొలిచి, కొత్త రంధ్రం వేసి అతికించాను. అరగంట అన్నది మూడు గంటలైంది. చివర్లో కొలిస్తే రెండు వైపులకూ తేడా 0.03. మా కర్మాగారంలో అయితే ఆకుపచ్చ చీటీ. చక్రం ఇప్పుడు ఖాళీకి సరిగ్గా నడుమ ఉంది. "లోపం" కొట్టేసి, "సరిచేయబడింది" అని రాశాను.

సోమవారం సాయంత్రం మెట్రోలో ఎల్‌బీ నగర్ వెళ్ళి ఇచ్చేశాను. కాకా చాలాసేపు చూశారు, బాగుందన్నారు. అల్మరాలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత అక్క చెబుతుండేది. కొత్తవాళ్ళెవరైనా ఆ కారు గురించి అడిగితే, సాబ్ కథంతా చెప్పి, చివర్లో "చక్రం జర తప్పువెట్టిండు, మా ఇంజినీర్ బాబు సరిజేసిండు" అంటున్నారట. నాకు సంతోషంగానే ఉండేది.

నెల తర్వాత ముందు చక్రాల మధ్య వెడల్పు ఒక్కటే నా పట్టికలో అనుమానంగా మిగిలింది. దానికి అసలు కారు కొలత కావాలి. పాత కార్ల అభిమానుల సైట్ ఒకదానిలో ఎవరో ఆ కారుతో పాటు ఇచ్చే పుస్తకాన్ని పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టారు. అంతా ఫ్రెంచ్. అంకెలు చూసుకుంటే చాలనుకున్నాను. కొలతల పేజీలో చక్రాల దూరం అన్నచోట ఒక అంకె కాదు, రెండున్నాయి. ఒకదాని పక్కన జి, ఇంకోదాని పక్కన డి. రెండు రకాల కార్లకేమో అనుకుని ఆ పేజీని ఫోను కెమెరాతో అనువాదం చేయించాను.

జి అంటే ఎడమ. డి అంటే కుడి. కుడివైపు ముప్పై మిల్లీమీటర్లు ఎక్కువ.

కింద బొమ్మ కూడా ఉంది. ఆ కారు వెనక చక్రాలకు మామూలు స్ప్రింగులు లేవు. వాటి బదులు పొడవాటి ఉక్కు కడ్డీలు కారు కింద అడ్డంగా పడుకుని ఉంటాయి. చక్రం లేచినప్పుడు కడ్డీ మెలిపడి, మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. చక్రానికొక కడ్డీ. రెండూ కారు వెడల్పంతా పొడవు కాబట్టి ఒకే గీత మీద పట్టవు. ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. కడ్డీ వెనక్కి ఉంటే దాని చక్రమూ వెనక్కే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి కారూ అంతే.

ముప్పైని నలభై మూడుతో భాగించాను. 0.698.

సాబ్ చేసింది 0.68. వరండాలో, చేతి డ్రిల్లుతో.

నా నాలుగు కార్లను తిరగేసి చూశాను. ఒకే కడ్డీ దూర్చితే పని తేలిక, రెండు చక్రాలూ ఎదురెదురుగా రాక తప్పదు. నాలుగు కంపెనీలూ ఆ తేలిక దారే పట్టాయి. నేను వాటిని నలుగురు సాక్షులనుకున్నాను. నిజానికి ఆ నలుగురిలో ఎవరూ ఆ కారు కింద పడుకుని చూసి ఉండరు. సాబ్ చూసి ఉంటాడు. ఎన్నోసార్లు జాకీ పెట్టి ఎత్తి ఉంటాడు. విడివిడిగా రెండు పుల్లలు పెట్టడానికి కారణం ఉంటుందని నాకు తట్టాలి. చేతికి అంత నిదానం ఉన్నవాడు అక్కడొక్కచోటే ఎందుకు జారతాడని కూడా తట్టాలి.

ఏం చేయాలో కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఏమీ చెప్పకుండా ఊరుకోవడం. రెండు, మళ్ళీ ఫొటోలు తీయాలని చెప్పి కారు అడిగి తెచ్చి, చక్రాన్ని గుట్టుగా పాత చోట పెట్టేయడం. మూడు, వెళ్ళి చెప్పడం. ఒకటోదాన్ని వెంటనే కొట్టేశాను. రెండు రోజుల పాటు రెండోదే మంచిదనిపించింది. ఎవరికీ బాధ లేదు, కారు కారులా ఉంటుంది.

అప్పటికి అక్క టెస్టు పాసై లైసెన్సు తెచ్చుకుంది. తను వంటింట్లో పల్లీలు వేయిస్తుంటే కాగితం చూపించాను.

"రెండోది బాగుంది కదా?"

"బాగుంది. దొరక్కపోతే."

"దొరకను. నీట్‌గా చేస్తాను."

"అది కాదురా." గరిటె తిప్పుతూనే ఉంది. "కాకా ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ సాబ్ చక్రం తప్పు పెట్టాడని చెబుతున్నారు. నువ్వు చక్రం జరిపేస్తే ఆ మాట కూడా జరుగుతుందా?"

నేను కాగితం మడిచాను.

"ఆ మాట ఆయనతో అనిపించింది నువ్వు. ఆయన వద్దంటే కూడా నాలుగు దేశాలని దబాయించావు. ఏం చూస్తున్నావ్? పల్లీలు మాడుతున్నాయి, ఆ డబ్బా ఇటు తే."

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. ఫోన్లో ఆ పేజీ, సంచిలో డ్రిల్లు, జిగురు, గోళ్ళ రంగు తుడిచే ద్రవం, కాలిపర్. కాకా ఒక్కరే ఉన్నారు, ఫారాలు సర్దుకుంటున్నారు. కూర్చోమన్నారు. కూర్చోకుండానే చెప్పేశాను. తప్పు సాబ్‌ది కాదు, నాది అని ముందు చెప్పి, తర్వాత పేజీ చూపించి, కడ్డీలు ఎలా ఉంటాయో బల్ల మీద రెండు పెన్సిళ్ళు అడ్డంగా పెట్టి చూపించాను.

ఆయన పెన్సిళ్ళనే చూస్తూ ఉండిపోయారు.

"నేను వద్దన్న," అన్నారు.

"అవును అంకుల్."

"ఉండనీ అన్న. అన్ననా లేదా?"

"అన్నారు."

"నాలుగు కంపెనీలు, నాలుగు దేశాలన్నవ్."

"అన్నాను. నేను చూసుకోవలసింది. చూసుకోలేదు."

ఆయన లేచి బయటికి వెళ్ళారు. కిటికీలోంచి కనిపిస్తున్నారు. కారు బానెట్ మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. రింగ్ రోడ్డు మీద విజయవాడ బస్సుల వాళ్ళు కేకలేస్తున్నారు. చాలాసేపటిలా అనిపించింది కానీ నాలుగైదు నిమిషాలే అయ్యుంటుంది.  నేను బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను.

తిరిగి వచ్చి అల్మరా తాళం తీశారు. కారును బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, వేలితో కుడి చక్రాన్ని ముట్టుకున్నారు.

"అంటే సాబ్‌కు ఎర్కనే."

"తెలుసు అంకుల్. తెలిసే పెట్టారు. కంపెనీలకే తెలియలేదు. తెలిసినా పట్టించుకోలేదేమో."

"నేను ముప్పై మందికి జెప్పిన. సాబ్ తప్పుజేసిండని." ఆయన గొంతులో కోపం లేదు. లెక్క చూసుకుంటున్నట్టుంది. "ముప్పై మంది గాదు, ఎక్కువనే. సరే. గిప్పుడు మల్ల పెడ్తవా?"

"పెడతాను. కానీ ఒకటి చెప్పాలి అంకుల్. సాబ్ వేసిన రంధ్రాన్ని నేను పుట్టీతో పూడ్చేశాను. చోటు అదే, కొలత నా దగ్గర ఉంది. కానీ ఇప్పుడు వేసే రంధ్రం నాదవుతుంది, ఆయనది కాదు."

ఆయన ఫారాల కట్టలు పక్కకు జరిపి, తువ్వాలు నాలుగు మడతలు వేసి బల్ల మీద పరిచారు.

"ఈడనే చెయ్. ఇంటికి తీస్కపోవద్దు. నేను పట్టుకుంట."

పట్టుకున్నారు. రెండు చేతుల వేళ్ళతో, నీలం రంగుకు గోరు తగలకుండా, కారును బోర్లా పెట్టి ఆనించి ఉంచారు. నేను జిగురు మెత్తబరిచి పుల్ల తీశాను. కొలిచి గుర్తు పెట్టాను. డ్రిల్లు తిప్పేటప్పుడు చేతిలో ఆయన వేళ్ళ కదలిక కూడా తెలుస్తోంది. ఆయన ఊపిరి బిగబట్టినప్పుడు నేనూ బిగబట్టాను. మధ్యలో ఫోన్ రెండుసార్లు మోగింది, తీయలేదు. పుల్ల దూర్చి, కొంచెం జిగురు పెట్టి, గట్టిపడేదాకా ఇద్దరం అలాగే పట్టుకుని కూర్చున్నాం. తర్వాత కాలిపర్ పెట్టాను.

"0.61," అన్నాను. "సాబ్‌ది 0.68. ఇంకోసారి తీసి వేస్తాను."

"ఎంత తేడా?"

"మిల్లీమీటర్‌లో వందోవంతులు ఏడు."

"కండ్లకు కనవడ్తదా?"

"కనపడదు. కాలిపర్‌కే తెలుస్తుంది."

"మరి ఇడువు. ఇంక దాన్ని కెలకకు."

నేను సంచి సర్దుకుంటుండగా కొత్తగా చేరిన ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి, స్కూల్లో టీచరట. క్లాసు మొదలవడానికి ఇంకా టైముంది. బల్ల మీద కారు చూసి, "పిల్లలదా కాకా?" అంది.

"పిల్లలది గాదమ్మ. రా, ఇటు కూసో. ఇది మా సాబ్ చేతితోని చేసింది." ఆయన మస్కట్ నుంచి మొదలుపెట్టారు. వరండా, సీసపు ముక్కలు, నీలం రంగు, అంకె. తర్వాత కారును అరచేతిలో పెట్టి ఆమె కళ్ళ ఎత్తుకు లేపారు. "గీ కుడి చక్రం చూడు. ఎనక్కున్నది కదా? అందరు తప్పనుకుంటరు. నేను గూడ అన్కున్న. తప్పు గాదు. అసలు బండే అట్లుంటది. కింద రెండు రాడ్లుంటయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అందుకని."

"రెండూ ఒకే పొడవే అంకుల్," అన్నాను. "ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందుకని."

కాకా కళ్ళజోడు మీంచి నా వైపు చూశారు.

"నువ్వు జర ఊకో బిడ్డా. ఒకసారి సరిజేసినవ్ గద, సాలు."

ఊరుకున్నాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక కన్ను మూసి, ముందు ఎడమవైపు చూసింది. తర్వాత కుడివైపు.